పోలండ్ ఆవిడ అడిగిన ప్రశ్నలు

మొన్న ఆదివారం సెంగ్‌కాంగ్‌లో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్తే, మనవరాలు తన తరగతిలో కొత్తగా చేరిన పోలండ్ పిల్లకి పుట్టినరోజు కార్డు రాయాలని ఫోన్‌లో ఏదో ఇంగ్లీషు వాక్యం కొట్టి, చిటికెలో దాన్ని పోలిష్‌లోకి మార్చేసి, "సో ఈజీ లా, తాతా" అంది. ఈజీయే తల్లీ అని ఊరుకున్నాను గానీ, మనసు మాత్రం తంజోంగ్ పగార్‌లోని మా పాత ఆఫీసుకి వెళ్ళిపోయింది.

కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ చేతబట్టుకుని మనవాళ్ళంతా విమానాలెక్కేస్తున్న రోజులవి, నేనూ అలాగే ఈ దేశానికి వచ్చి పడ్డాను. ఇంగ్లీషులో ఉన్న ప్రోగ్రాముల్ని వేరే భాషల్లోకి మార్చి ఇవ్వడం మా కంపెనీ పని. తెరమీద కనిపించే మాటలన్నీ ఏరి జాబితా కట్టడం నా వంతు, వాటికి పోలిష్ రాయడం నా పక్క సీటులో కూర్చునే పోలండ్ ఆవిడ వంతు. మధ్యాహ్నం భోజనానికి హాకర్ సెంటర్‌కి నాకంటే ముందే వెళ్ళి, టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకూ ఒక కుర్చీ చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా పట్టి, ఉంచేది. మా ఆవిడ పంపిన గోంగూర పచ్చడి కళ్ళనీళ్ళు కారుతున్నా వదలకుండా తినేది, పాపం మంచి మనిషి.

ఇక నా తెలివి చూడండి. ఒకే మాట పదిచోట్ల వస్తే పదిసార్లు ఎందుకు రాయించాలని, జాబితాని అక్షరక్రమంలో పేర్చి, రెండోసారి వచ్చినవన్నీ తీసిపారేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాను. మేనేజరు భుజం తట్టాడు, నేను పొంగిపోయాను. అప్పుడు చేస్తున్నది జిమ్‌లు నడిపేవాళ్ళ కోసం తయారైన ప్రోగ్రాం, అందులో ఎన్నోచోట్ల ఉన్న 'రన్' నా జాబితాలో ఒక్కటే మిగిలింది. మనిషి పరిగెత్తితే 'బ్యేగచ్', ప్రోగ్రాం నడిపిస్తే 'ఉరుహోమిచ్', వ్యాపారం నడిపితే 'ప్రొవాజిచ్', ఇది ఏ తెరమీది మాట అని ఆవిడ తల పట్టుకుంది. మనకి మాత్రం? వాన పడుతుంది, నిద్ర పడుతుంది, కష్టాలు పడతాం, ఒట్టి 'పడు' ఒక్కటీ చేతిలో పెట్టి ఇంగ్లీషులో రాయమంటే నేనేం రాసేవాణ్ణి? ఆ మాత్రం ఆలోచన అప్పుడు తట్టలేదు. ఆవిడ ఇలాంటి ప్రశ్నలతో నాకు మెయిల్ మీద మెయిల్ పంపింది. క్లయింటుని ఏదైనా అడిగితే మనకి పని రాదనుకుంటాడన్నది మా ఆఫీసు నమ్మకం, పైగా ఇంటర్వ్యూ రోజు నుంచీ 'నో ప్రాబ్లం' అనడానికి అలవాటు పడ్డవాణ్ణి, మీకు తోచింది రాసేయండి అని జవాబిచ్చేశాను.

జిమ్ కదా అని ఆవిడ పరిగెత్తడమే రాసింది. తీరా చూస్తే రిపోర్టు తీసే బటన్ మీద కూడా పరిగెత్తడమే వచ్చి కూర్చుంది, అలాంటివే ఇంకెన్నో. క్లయింటు మండిపడ్డాడు. మీటింగులో మేనేజరు, ఆవిడకి తన భాషే సరిగ్గా రాదని తేల్చేశాడు. ఆవిడ నావైపు చూసింది. ఆవిడ ప్రశ్నలన్నీ నా మెయిల్‌లోనే ఉన్నాయి, తీసి చూపించడం అరనిమిషం పని. కానీ మా అమ్మాయికి అప్పుడే బిషాన్‌లో బడి సీటు దొరికింది, ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే పాస్ పోతుంది, పాస్ పోతే పెట్టె సర్దుకోవాల్సిందే, పరాయి దేశంలో పనిచేసినవాళ్ళకి ఈ భయం నేను చెప్పక్కర్లేదు. ఆవిడదీ అదే పాస్ అని తెలిసి కూడా ఆ మెయిళ్ళు బయటపెట్టలేదు. సిగ్గులేని మనిషిని. ఆ నెలాఖరుకే ఆవిడ పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది, పోతూ పోతూ నన్ను నాలుగు మాటలన్నా బాగుండేది.

ఇప్పుడు ఆ పనంతా మారిపోయింది. ప్రతి మాటతోపాటు అది కనిపించే తెర బొమ్మ కూడా వెళ్తుంది, అనువాదం చేసేవాళ్ళు నేరుగా క్లయింటునే అడుగుతారు, ఎవరైనా ఏమీ అడక్కపోతేనే అనుమానిస్తారు. తరవాత నేను చేరిన కంపెనీలో ఆ పద్ధతి పట్టుబట్టి పెట్టించింది నేనే. రిటైరైన రోజున అందరూ ఆ సంగతే చెప్పి, నన్ను పొగిడి, శాలువా కప్పారు. ఆవిడ ఆనాడు అడిగింది అంతకంటే ఏమీ లేదు, ఆ మాట నేను శాలువా కప్పించుకున్న రోజు కూడా ఎవరికీ చెప్పలేదు.