పైకెక్కిన పిచ్చుకల గీత

ఆ రోజుల్లో నాకు తెలియనిదేమిటో కూడా నాకు తెలిసేది కాదు. భయం మాత్రం కావలసినంత ఉండేది. నిజామాబాద్‌లో పక్షులను లెక్కపెట్టే ఒక చిన్న సంస్థ నన్ను పనిలో పెట్టుకుంది. ఏటా మాఘమాసంలో కోటగిరిలో ఒకే దారిన నడిచి, ఆగమన్న చోటల్లా ఆగి, ఎన్ని ఊరపిచ్చుకలు కనబడ్డాయో రాయడం నా ఉద్యోగం. (మా ఊళ్ళో అందరూ నన్ను పిట్టలక్క అనేవారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు ఆ మాట ఎత్తొద్దని మా బాపు ఊరివాళ్ళను బతిమాలుకున్నాడు.)

మూడో ఏడు లెక్క పంపగానే మా సంస్థ పెద్ద మేడం ఫోన్ చేశారు. "గ్రాఫుల జిల్లా మొత్తం పిచ్చుకల గీత కిందికి పోతుంటే నీ కోటగిరిది ఒక్కటే పైకెట్ల పోతుందమ్మా? ఎల్లుండి వస్తున్న, నాకు చూపియ్యి" అన్నారు. ఒక్క క్షణం మురిసిపోయాను. ఆ తర్వాత, ఆమె వచ్చిన రోజు ఒక్క పిచ్చుకా కనబడకపోతే ఎట్లా అనిపించింది. మరునాడే బోధన్ మీదుగా కోటగిరి బస్సు పట్టుకుని వెళ్ళి, నాకు ఎక్కువ పిచ్చుకలు కనబడే చెరుకు తోట గట్టున నిలబడ్డాను. గుంపులు గుంపులుగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. తోటలో పనికొచ్చిన ఒక ముసలమ్మతో, "చూసినవా అవ్వా, ఎన్ని పిచ్చుకలో!" అన్నాను.

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "పిచ్చుకలెక్కడియి బిడ్డా? గవి గిజిగాళ్లు."

"గిజిగాడు పసుపు రంగుంటది కదా!"

"వానకాలం గూడు కట్టేటప్పుడు మొగది పసుపైతది. గిప్పుడు మొగుడు పెండ్లాం అందరు గిదే రంగు. ముక్కు సూడు, ఎంత లావుందో. తోక సూడు, ఎంత పొట్టిదో. గిది తెల్వకుంటనే నీకు జీతమిస్తున్నరా?"

చూశాను. ముక్కు లావే, తోక పొట్టిదే. తిరుగు బస్సులో మనసులోనే మూడు రాజీనామాలు రాసుకున్నాను. (మొదటిదాంట్లో కారణం అనారోగ్యం, రెండోదాంట్లో పెళ్ళి, మూడోదాంట్లో రెండూ.)

మర్నాడు కోటగిరిలో మేడం బస్సు దిగీ దిగకముందే, నమస్తే కూడా మరిచిపోయి, "అవి పిచ్చుకలు కావు మేడం, గిజిగాళ్లు. మూడేండ్లు తప్పు రాసిన" అని ఏడ్చేశాను. ఆమె నా నోట్‌బుక్ తీసుకుని బస్టాండ్ బెంచీ మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పారు. నాకు ఆ పేజీల చప్పుడే వినబడుతోంది.

"ఏ చోట ఎన్నో వేరువేరుగ రాసినవ్ కదా?"

"రాసిన మేడం."

"అయితే తోట దగ్గరివి తీసెయ్. ఇండ్ల నడుమ ఉన్నయే కూడు. ముందు కండ్లు తుడుచుకో."

కూడి చూశాను. ఏడాదికేడాది గీత కిందికే దిగింది. "అందరిది ఇట్లనే ఉందమ్మా" అన్నారు మేడం నెమ్మదిగా. నా ఉద్యోగం నిలిచింది. అయినా ఆ పూట ఇద్దరం చాయ్ సగంలోనే వదిలేశాం.

ఇప్పుడు కొత్తవాళ్ళకు ముక్కులూ తోకలూ చూపించేది నేనే. నా లెక్క తప్పడం లేదు. కానీ కాగితం నింపే ప్రతిసారీ, కోటగిరిలో పిచ్చుకలు పెరుగుతున్నాయని మనసారా నమ్మి, దారి పొడవునా నవ్వుకుంటూ నడిచిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నాకూ నవ్వొస్తుంది. అంత సంబరంగా నేను మళ్ళీ ఏ లెక్కా రాయలేదు.