పన్నెండు నిమిషాలు, పదిహేడు రోజులు

మా ఫారూఖ్‌ది చాదస్తం. పదకొండేళ్లుగా పక్క కుర్చీలో కూర్చుంటున్నవాణ్ని, ఆ మాట అనే హక్కు నాకుంది. మధురవాడలో మాదొక చిన్న కంపెనీ. ఇతరుల కంప్యూటర్లను మా దగ్గర ఉంచుకుని నడిపిస్తాం. సెలవు దొరికితే నేను బీచికి పోతాను, ఇతను సర్వర్ల గడియారాలు సరిచూసుకుంటాడు. అర సెకను తేడా కనిపిస్తే ఆ పూట అన్నం సహించదు.

ఇది వాళ్ల నాన్న ఖాజా గారి నుంచి వచ్చింది. ఆయనకు వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. గంటలు కొట్టే గోడ గడియారం వెనకబడితే ముల్లును ఒక్క తోపున ముందుకు తిప్పకూడదనేవారు. లోపలి లెక్క తప్పి మూడింటికి ఏడు కొడుతుందట. ప్రతి గంట దగ్గరా ఆగి, దాన్ని కొట్టనిచ్చి, నిదానంగా నడిపించాలట. ఫారూఖ్ ఆ సూత్రాన్ని తెచ్చి కంప్యూటర్లకు పెట్టాడు.

మేం నడిపేవి వర్చువల్ మెషిన్లు. ఒక ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, ఒక పెద్ద కంప్యూటర్లో పాతిక కంప్యూటర్లను ఉంచుతాం. ప్రతిదీ తనది సొంత ఇల్లే అనుకుంటుంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడు దాన్ని రెండు మూడు సెకన్లు ఆపుతాం. తను ఆగిన సంగతి దానికి తెలియదు, ఆగిన దగ్గర్నుంచే టైము లెక్కపెడుతుంది. ఆ తేడాను బయటి గడియారంతో పోల్చి దిద్దాలి. ఒక్కసారిగా దిద్దవచ్చు, కొద్దికొద్దిగానూ దిద్దవచ్చు. ఫారూఖ్ అన్నిటికీ రెండోదే పెట్టాడు. అలా చేస్తే తేడా రోజుకు నలభై మూడు సెకన్లకు మించి తగ్గదు. రెండు సెకన్ల తేడాకు అది మంచి పద్ధతే.

ఒక ఆదివారం, పోర్టు దగ్గర లారీ యార్డు వాళ్ల తూకాలు నమోదుచేసే కాటా మెషిన్ను వేరేచోటికి మారుస్తుంటే డిస్కు మొరాయించింది. మెషిన్ పన్నెండు నిమిషాలు ఆగిపోయింది. మళ్లీ లేచింది, తూకాలు పడుతున్నాయి, హమ్మయ్య అనుకుని భోజనానికి పోయాం.

ఆ యార్డులో కాటా దగ్గర కూర్చునే ఆవిడ సూర్యకళ. గోపాలపట్నం నుంచి బస్సులో వస్తుంది. మిగతా ఆపరేటర్లు పావుగంట ముందే డ్యూటీకి వస్తారు కాబట్టి ఎవరికీ ఏ తేడా కనబడలేదు. మంగళవారం రెండింటి డ్యూటీకి ఆవిడకు బస్సు ఆలస్యమైంది. గేటు దగ్గర హాజరు మెషిన్లో, దాని గడియారం వేరు, వేలిముద్ర రెండూ మూడుకు పడింది. ఆవిడ పాస్‌వర్డుతో మొదటి లారీ తూకం మాత్రం ఒకటీ యాభై ఏడుకు నమోదైంది. మనిషి గేటు దాటకముందే తూకం ఎలా వేసింది? పాస్‌వర్డు ఇంకెవరికో ఇచ్చిందన్నారు. ఆ యార్డులో దానికి శిక్ష ఉద్యోగం పోవడమే.

ఇది వాళ్లకు బయటపడేసరికి రెండు వారాలయింది. కెమెరా రికార్డులు వారానికే చెరిగిపోతాయి. ఆవిడను ఇంటికి పంపేశారు. "గడియారమే తప్పు" అని ఆవిడ మొత్తుకుంటే, చూసి చెప్పమని మాకు లెటరొచ్చింది. ఫారూఖ్ చూసేనాటికి పంతొమ్మిది రోజులు గడిచాయి. టైము సరిగ్గా ఉంది. "తేడా లేదు" అని సంతకం పెట్టి పంపాడు. నిప్పు లేనిదే పొగ రాదని నేను కూడా అన్నాను. నా నోటికి తీట.

శనివారం ఇంకో మెషిన్ మార్చడానికి పాత రికార్డు తీశాడు. పన్నెండు నిమిషాల లెక్క కనబడింది. కాగితం మీద భాగహారం చేశాడు. పదిహేడు రోజులు. తప్పు తనను తాను రోజుకింత తుడిచేసుకుని మాయమైంది. మంగళవారం నాటికి కాటా గడియారం ఇంకా పదిన్నర నిమిషాలు వెనకే ఉంది. అది ఒకటీ యాభై ఏడు అంటే అసలు టైము రెండూ ఏడు. ఫారూఖ్ ఆ కాగితం నా ముందుకు తోసి, యార్డుకు వెళ్లి చెప్పేస్తానన్నాడు.

"ఊరుకో బావా," అన్నాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? యార్డోలే మనల్ని ఏటీ అనట్లేదు."

"ఆవిడ ఉద్యోగం పోతాదిరా వంశీ," అన్నాడు. "నాను పెట్టిన పద్ధతి, నాను రాసిన అబద్ధం."

"తెలిసి రాసినావేటి?"

"తెలకుండా రాస్తే ఆవిడకి ఉద్యోగం మిగుల్తాదా?"

నాకు ఒళ్లు మండింది. ప్రమోషన్ మీద లీడ్ పోస్టుకు ఇతని పేరు వెళ్లి నెల కూడా కాలేదు. అయినా సోమవారం నా బండి మీదే యార్డుకు తీసుకెళ్లాను. విచారణ గదిలో అధికారి కాగితాలన్నీ చూసి, "మరి మొన్న తేడా లేదని రాసిచ్చిందెవరు?" అన్నాడు.

"నేనేనండి. అదీ తప్పే. రెండూ నా పేరుమీదే రాసుకోండి," అన్నాడు ఫారూఖ్. సిగ్గేసింది నాకు. తప్పు చేసినవాడు నిలబడి చెబుతుంటే, దాచమన్నవాణ్ని గోడకానుకుని నిలబడ్డాను.

సూర్యకళను ఆ రోజే డ్యూటీకి రమ్మన్నారు. లీడ్ పోస్టు ఫారూఖ్‌కు రాలేదు, మెమో వచ్చింది.

వరండాలో ఆవిడ మా దగ్గరకొచ్చింది. ఫారూఖ్ క్షమించమని అడిగాడు. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మా ఆయన రోజూ అడిగీవోడు బాబూ, నిజం సెప్పీ, ఎవలికిచ్చినావని," అంది. "లేదు, లేదు అని ఏడ్సినాను. మీ కాయితం వచ్చినాక నాక్కూడా అనుమానమొచ్చీసింది. ఎవలికో ఇచ్చీసి మరిసిపోనానేమో అని. నిన్న రాత్రి ఆయనకి, ఇచ్చినాననే సెప్పీసినాను."