సాంచ ఆగితేనే మెలకువ

జర్మనీల నా చదువు నిద్రల మునిగింది. గట్టుకు తెచ్చింది మాత్రం మన సిరిసిల్ల. నవ్వకుండ్రి, చాయ్ తాగుకుంట జర ఇనుండ్రి.

నేను పెరిగిందే సాంచల నడుమ. సాంచలంటే పవర్‌లూమ్‌లే, మా ఇంట్ల పొద్దుమాపు టకటక నడుస్తనే ఉంటయ్. ఆ సప్పుడుంటెనే మాకు నిద్ర. ఆగిందంటే దారం తెగిందనో ఏమో అని అందరం లేచి కూసుంటం. అందుకే అలారం నాకు పనికిరాదు. అది మోగితే ఇంకా మంచిగ పండుకుంట.

అక్కడి హాస్టల్ రూమ్‌ల ఈగ వాలినా ఇనబడ్తది. నిద్రెట్ల పడ్తది? ఒకనాడు పగలు మూడింటికి ప్రజెంటేషన్. అది తప్పితే ఆ సబ్జెక్టు మళ్ల మొదటిసంది చదువుడే. అన్నం తిని, బట్టలు పట్టుకొని కింద లాండ్రీ రూమ్‌కు పోయిన. వరుసగ వాషింగ్ మెషీన్లు దడదడ తిరుగుతున్నయ్. పానం లేచొచ్చింది. ఆగంగనే మెలకువ వస్తది గదా అని బల్ల మీద ఒరిగిన.

కిటికీ అవుతల మంచు పడుతున్నది. కండ్లు మూస్తే అది సాంచల కాడ ఎగిరే దూదే. అవ్వ నా పక్కన కూసోని కండెలకు దారం సుడుతున్నది. బాపు సాంచకు నూనె పోస్తుండు. ఎంత హాయిగున్నదో ఏం చెప్పాలె.

ఇక్కడ లాండ్రీ రూమ్‌ల ఒకలు బట్టలు తీస్తె ఇంకొకలు ఏస్తనే ఉన్నరట. మెషీన్లు ఆగుతె గదా. అన్నీ ఆగినంక, "బాపూ, కరెంట్ పోయింది!" అనుకుంట దిగ్గున లేచిన. ఎదురుంగ ఒక జర్మన్ పిల్ల సాక్సులు పట్టుకొని బిత్తరపోయి సూస్తున్నది. టైమ్ నాలుగున్నర.

ప్రొఫెసర్ మేడమ్ కాడికి ఉరికి, ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె డైరీ తెరిసి సూసింది. "శుక్రవారం రా. మళ్ల తప్పితే నేనేం చెయ్యలేను" అన్నది.

శుక్రవారం మధ్యాహ్నం కండ్లు మండుతున్నయ్. బాపుకు ఫోన్ చేసిన.

"బాపూ, ఫోన్ సాంచ పక్కన పెట్టు. జరసేపు పండుకుంట. గంట అయినంక సాంచ ఆపు."

"పండుకో బిడ్డా, ఫికర్ చెయ్యకు."

మళ్ల అదే దూది, అవే కండెలు, అవ్వ చెయ్యి నా తల మీద. ఒక్కపారి సప్పుడు ఆగింది. లేచి ఉరికిన. టైమ్‌కు అందుకున్న. ప్రజెంటేషన్ మంచిగ అయింది, పాసైన. బయటికి వచ్చి మళ్ల ఫోన్ చేసిన.

"బాపూ, సరిగ్గ టైమ్‌కు ఆపినవ్. లేకుంటె నా పని ఖతమే."

"నేనెక్కడ ఆపిన బిడ్డా? నడిచే సాంచ ఎవడన్న ఆపుతడా? బట్ట నేసుకుంట నీ సంగతే మర్చిపోయిన. కరెంట్ పోయింది."

ఇప్పుడు మీరే చెప్పుండ్రి. రేపు నేను డిగ్రీ పట్టుకొస్తె దండ నాకెయ్యాల్నా, మన గల్లీ కరెంట్ స్తంభానికెయ్యాల్నా?