పగటిపూట చౌక కరెంటు

గోడ అవతల తోడికోడలి మిక్సీ మోగినప్పుడల్లా నా కడుపు మండుతుంది, అది పట్టపగలు మోగుతుంది కాబట్టి. కొత్త మీటర్లు పెట్టినప్పటి నుంచి కరెంటుకు రెండు ధరలు. ఎండ ఉన్నంతసేపు చౌక, దీపాలు పెట్టే వేళకు ప్రియం. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే యూనిట్ల హద్దును మా రెండిళ్లూ ఎప్పుడో దాటేశాయి. వాళ్లది ఏసీ వల్ల, మాది నీళ్ల మోటారు, గడ్డి కోసే మిషను వల్ల. "పెద్ద పనులన్నీ పగలే చేసుకోమ్మా, బిల్లు తగ్గుతాది" అని మీటరు బిగించినాయన నాకు మరీ మరీ చెప్పి పోయాడు. పగలు ఇంట్లో ఉండేదెవరు? నేనా?

మా ఆయన పావగడలో అంగడి పనికి పోతాడు. వేరుశెనగ చేను నా నెత్తినే. పొద్దున సంగటి తిని పోతే పొద్దు వాలాకే రావడం. వచ్చాక తొట్టికి నీళ్లు పట్టాలి, బర్రెలకు గడ్డి కోయాలి, పిండి రుబ్బాలి. అన్నీ ప్రియమైన వేళలోనే. ఆమె మాత్రం మధ్యాహ్నానికే బట్టలు మిషనులో వేసి, ట్యాంకు నింపి, ఇస్త్రీ కూడా ముగించి, తల దువ్వుకుని అరుగు మీద కూర్చుంటుంది.

ఆ తీరిక ఆమెకు భూమి పంపకంలో వచ్చింది. మామ పోయాక అన్నదమ్ములు చీటీలు వేశారు. బోరున్న ఎర్రనేల మాకు, ఏమీ పండని గరుసు దిబ్బ వాళ్లకు. ఆ రోజు నేను దేవుడికి టెంకాయ కొట్టాను. తర్వాత మా ఊరు రాయచెర్లు చుట్టూ సోలార్ పలకలు పరుచుకుంటూ వచ్చి, సరిగ్గా మా చేని గెనిమ గట్టు దగ్గర ఆగిపోయాయి. గరుసు దిబ్బకు ఏటేటా సోలార్ కంపెనీ బాడుగ, మా ఎర్రనేలకు వాన కోసం ఎదురుచూపులు. దరిద్రుడి పెళ్లికి వడగళ్ల వాన అంటే ఇదే. ఎండ ఒక్కటే. ఆమెకు బాడుగా ఇస్తుంది, చౌక కరెంటూ ఇస్తుంది. నాకు వీపు మాడుస్తుంది.

ఇంతవరకైతే పళ్లు కొరుక్కుని ఊరుకునేదాన్నే. ఓర్చుకోలేనిది అత్త సంగతి. ఆమె మా నాన్నకు తోడబుట్టింది. నన్ను ఎత్తుకుని పెంచి, కోడల్ని చేసుకుంది. తోడికోడలు బయటి సంబంధం. మా వైపు ముసలివాళ్లు కొడుకుల ఇళ్లలో అమావాస్య నుంచి అమావాస్యకు వంతులవారీగా తింటారు. అత్త నా వంతులో కూడా ముద్ద నా ఇంట్లో తిని, సాయంత్రం కూర్చోవడానికి ఆ ఇంటికి పోతోంది. కారణం నాకు తెలుసు. ప్రియమైన వేళ అని నేను ఫ్యాను ఆపేసేదాన్ని, టీవీ పెట్టనిచ్చేదాన్ని కాదు. వాళ్లిద్దరి నవ్వులూ గోడ దాటి వస్తుంటే, ఒక్క బల్బు కింద పిండి రుబ్బుతూ కుళ్లిపోయేదాన్ని.

"పొరుగింటి పుల్లకూర రుచిలే అత్తా" అని ఒకసారి దెప్పాను.

"ఆ పిల్ల పిలస్తాది, పోతా. నువ్వెప్పుడన్నా పిలిస్తివేమే?" అంది అత్త.

ఆ మాటతో పంతం పట్టాను. కలుపు ముమ్మరంగా ఉన్నా మర్నాడు చేనికి పోలేదు. పగలే నీళ్లు పట్టాను, గడ్డి కోశాను, పిండి రుబ్బాను. దీపాలవేళకు ఏ పనీ మిగల్లేదు. ఫ్యాను వేసి, టీవీ పెట్టి, అన్ని గదుల్లో లైట్లు వేసి, "రా అత్తా, ఈడ కూచో" అని పిలిచాను. వచ్చి కూర్చుంది. కానీ చూపు టీవీ మీద లేదు, వాకిలి మీద ఉంది.

"యాడ చూస్తాండావు అత్తా?"

"ఆ పిల్ల ఇంకా రాలేదే. మన చేనికి పోయినాది. అక్క పోలేదు కదా, కలుపు నేను తీస్తానని నాకు చెప్పి పోయినాది."

లేచి టీవీ ఆపేశాను.

"టీవీ చూడనీక పిలస్తాదనుకుంటివా నన్ను?" అంది అత్త. "పూత ఎట్లుండాది, ఊడలు మన్నులోకి దిగినాయా అని అడగనీక పిలస్తాది. నువ్వు ముద్ద తింటా చెప్పేదంతా నేను పోయి దానికి చెప్తా. దానికి చేను యాడుండాదే? పలకల కింద గడ్డి పెరికేది కూడా వేరేవాళ్లే."

జాలి పడాల్సింది. పడలేదు. బాడుగ ఆమెదే, పగలు ఆమెదే, అత్త ఆమెదే, ఇప్పుడు నా చేను కూడానా అని ఒళ్లు మండిపోయింది.

అంతలో ఆమె వచ్చింది. మోకాళ్ల దాకా మన్ను, ఊడిపోయిన జడ. గడపలో కూలబడి నవ్వింది. ఇన్నేళ్లలో ఆ చేను నుంచి నేను ఒక్కసారి కూడా అలా నవ్వుతూ ఇంటికి రాలేదు. ఏసీ మీద, మిక్సీ మీద పడ్డ అసూయంతా ఒక ఎత్తు, ఆ నవ్వు మీద పడ్డది ఒక ఎత్తు.

"అక్కా, బోరు పక్క సాళ్లు అయిపోయినాయి. ఊడలు బాగా దిగుతుండాయి" అంది. చెంబెడు నీళ్లు తాగి నా మొహంలోకి చూసింది. "రేపు కూడా నువ్వు పగలే ఇంటికాడ పనులు చేసుకో అక్కా. చేనికి నేను పోతా."

నేను అంతగా కుళ్లుకున్న పగటిపూటను అడక్కుండానే నా చేతికిస్తోంది.

"అక్కర్లేదు. నా చేనికి నేనే పోతా" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. మన్ను కాళ్లతోనే లేచి తన ఇంటికి నడిచింది. అత్త లేచి, ఆమె వెనకే వెళ్లిపోయింది.