ఈల వేస్తేనే తినే పిల్లి

ఆడది ఈల వేస్తే ఇంటికి దరిద్రమని నన్ను కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ మరీ మరీ చెప్పింది. అలా చెప్పాల్సిన అవసరం ఆమెకు ఉంది. పెళ్ళికి ముందు జొన్నచేలో పిట్టలను తోలడానికి నేను ఈల వేస్తే పక్క చేలో పడుకున్న కుక్కలు కూడా లేచి పరిగెత్తేవి. నాన్న నవ్వేవాడు. అమ్మ నా వీపు మీద ఒకటి వేసేది. అత్తారింట్లో మూతి బిగించుకుని ఉంటానని ఒట్టు వేయించుకుని మరీ బండెక్కించింది.

మా ఆయన నడికుడి స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రైల్వే వాళ్ళిచ్చిన రెండు గదుల ఇల్లు, ముందు నాపరాళ్ళు పరిచిన వసారా. ఎండాకాలంలో ఆ రాళ్ళ మీద జొన్నరొట్టె వేస్తే కాలి ఉండేదేమో, నేను వేసి చూడలేదంతే. ఇంట్లో మేమిద్దరం, మా అత్త.

మేం దూదేకులవాళ్ళం. అత్త బతుకంతా పత్తి ఏకీ, పరుపులు కుట్టీ కొడుకును పెంచిన మనిషి. మామ ఎప్పుడో చనిపోయాడని మాత్రం తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. కొడుక్కి రైల్వే ఉద్యోగం వచ్చాక ఆమె పత్తి ఏకే విల్లును దూలానికి వేలాడదీసింది. ఇక ఏకడానికి మిగిలింది నేనే. పొద్దున పొయ్యి అంటించిన దగ్గర్నుంచి రాత్రి దీపం ఆర్పేదాకా ఏదో ఒకదానికి నన్ను ఏకిపారేసేది. నేనూ తక్కువ తినలేదు. ఎదురు చెప్పేదాన్ని కాదు గానీ గిన్నెలతో చెప్పేదాన్ని. మా ఇంట్లో గిన్నెల చప్పుడు స్టేషన్ దాకా వినిపించేదని మా ఆయన అనేవాడు.

రైలు కట్టకు అవతల ఇంజనీరు దొర బంగళా ఉండేది. దేశం మన చేతికొస్తుందని అందరూ చెప్పుకుంటున్న ఆ ఎండాకాలంలో దొరా దొరసానీ సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ సీమపిల్లిని మాత్రం వదిలేశారు. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అని ఎవరో దొరసానికి చెప్పారట. ఆ మాట పట్టుకుని ఆవిడ పిల్లిని వంటవాడికి అప్పగించి రైలెక్కింది. కొన్నాళ్ళకు వంటవాడు కూడా బెజవాడలో పని చూసుకుని పోయాడు. బంగళాకు తాళం పడింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు మా ఆయన గోనెసంచిలో ఏదో తెచ్చి వసారాలో దించాడు. స్టేషన్ లాంతర్ల గది వెనక పడి ఉందట. మొదట చూసి చచ్చిన గొర్రెపిల్ల అనుకున్నాను. ఒళ్ళంతా బొచ్చు ఉండలు కట్టి, బురదా బొగ్గుమసీ పట్టి, పొట్ట కింద పల్లేరుకాయలు గుచ్చుకుని ఉన్నాయి. ఒక కన్ను పుసులు కట్టి మూసుకుపోయింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. దొరసాని ఒళ్ళో పట్టుదిండు లాగా కూర్చుని మా ఇళ్ళ వంక మూతి తిప్పుకునే పిల్లి అదేనంటే నమ్మబుద్ధి కాలేదు.

పక్కింటి పిన్ని చూసి, "గొర్రెల కత్తెర తెచ్చి గొరిగి పారెయ్యండి, ఆ బొచ్చు ఇంక ఇడిరాదు" అంది.

అత్త ఆవిడ వంక ఒక చూపు చూసింది. "దూదికి కత్తెర పెట్టిన దూదేకులామెను ఏడన్నా చూసినావా?"

నేను కుక్కి మంచం మీద కూర్చుని చూస్తుండగా పని మొదలుపెట్టింది. ఉప్పునీళ్ళు కాచి మెత్తటి గుడ్డతో ముందు కన్ను తుడిచింది. తర్వాత వేరుశనగ నూనె వేళ్ళకు రాసుకుని ఒక్కొక్క ఉండనూ అంచుల నుంచి విప్పడం మొదలుపెట్టింది. లాగదు, తెంపదు. గింజ చిక్కిన పత్తిని విడదీసినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని కాస్త కాస్త వదులు చేస్తుంది. పిల్లి గోళ్ళు దించింది. చేతుల మీద నెత్తురు చారలు లేచినా ఆమె తిట్టలేదు. నన్ను రోజూ తిట్టే నోరు ఏమైపోయిందో నాకు అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే కాస్త కడుపు మండింది కూడా. ఒక్క పూటలో అయ్యే పని కాదది. రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక పిల్లిని ముందేసుకుని కూర్చునేది. కొద్దికొద్దిగా ఆ మసి కింద నుంచి తెలుపు బయటపడుతూ వచ్చింది.

బొచ్చు సరే, తిండి మాటేమిటి? మజ్జిగన్నం పెడితే మూతి తిప్పుకుంది. ఎండుచేపలు కాల్చి పెడితే వాసన చూసి పోయి మూలన కూర్చుంది. పాలు పోస్తే చీమలకు పండగ. ఆకలితో కళ్ళు తిరిగే పిల్లి ఎదురుగా ఉన్న తిండి ముట్టదేమిటి? "దొరల తిండి మరిగిన నాలిక, మన కూడు దిగిద్దా?" అని పిన్ని సాగదీసింది. పిల్లి మాత్రం రోజురోజుకూ తేలికైపోతోంది. చావడానికే మా ఇంటికొచ్చిందని నాకు దిగులు పట్టుకుంది.

బంగళాలో తోట పని చేసిన తాత ఒకాయన మా ఇంటి ముందు నుంచి పోతూ ఆగి సంగతి చెప్పాడు. "దొర ఈల ఏసి పిలిచేటోడమ్మా. ఈల ఏస్తేనే గిన్నె కాడికి వచ్చిద్ది, లేకుంటే బంగారం పెట్టినా ముట్టదు. పిల్లప్పట్నుంచీ అదే అలవాటు."

ఆ సాయంత్రం మా ఆయన గిన్నె పెట్టి ఈల వేశాడు. పిల్లి చెవులు నిక్కాయి. తూలుకుంటూ లేచి వచ్చి అదే మజ్జిగన్నం, అదే ఎండుచేప గిన్నె అడుగు కనబడేదాకా నాకింది. మేము ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాం.

కొన్నాళ్ళు బాగానే సాగింది. అంతలో మాచర్లలో ఎవరో జబ్బుపడితే ఆ డ్యూటీకి మా ఆయన్ను పంపారు. ఎన్నాళ్ళో తెలియదు. ఇంట్లో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళం, ఈలకు తప్ప తినని పిల్లి. అత్త చప్పరించింది, చిటికెలు వేసింది, గిన్నె మోగించింది. పిల్లి ఆమె ముఖంలోకి చూసి మళ్ళీ మూలకు పోయింది. రెండోనాటికి లేవడం మానేసింది.

ఆ మధ్యాహ్నం అత్త వీధి తలుపు గడియ పెట్టింది. కిటికీ కూడా మూసింది. ఏం జరగబోతోందో తెలియక పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఆమె పిల్లి ముందు కూర్చుని, మూతి సున్నాలా చుట్టి ఊదింది. పొయ్యి ఊదినట్టు ఉఫ్ ఉఫ్‌మని గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు పెద్దవయ్యాయి, పిల్లి మీద తుంపర్లు పడ్డాయి. నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"నవ్వుతావేందే? నీకు వచ్చా?"

అమ్మకు వేసిన ఒట్టు గుర్తొచ్చింది. పిల్లి వంక చూశాను. ఒట్టు తీసి గట్టున పెట్టాను. నాకు తెలిసిన వాటిలో మెత్తటి ఈల ఒకటి వేశాను.

పిల్లి లేచింది.

అది తింటున్నంత సేపూ అత్త నన్నే చూసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. చివరికి, "ఇన్నాళ్ళూ దీన్ని దాచిపెట్టుకున్నావంటే నువ్వు చానా గుండెలు తీసిన బంటువే" అని నవ్వింది. నేను కాపురానికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. "నాగ్గూడా నేర్పు. నువ్వు పుట్టింటికి పోతే ఇది చచ్చిద్ది."

అలా మా ఇంట్లో మధ్యాహ్నం పూట తలుపులు మూసి ఈల పాఠాలు జరిగాయి. అత్తకు ముందు పళ్ళు లేని చోట నుంచి గాలి పోయేది. నాలుక ఎక్కడ పెట్టాలో నేను చెప్పేదాన్ని, ఆమె కోడలి మాట వినేది. ఆ ముచ్చట తలుచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మా ఆయన మాచర్ల నుంచి వచ్చేసరికి అత్త ఈల వేసి పిల్లికి అన్నం పెడుతోంది, గిన్నెల చప్పుడు లేదు. ఇల్లు తప్పానేమోనని ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

చలికాలం వచ్చేసరికి పిల్లి పిల్లి కాదు, ఏకి పోసిన దూది. తోక ఎత్తి నడుస్తుంటే స్టేషన్‌లో రైలు దిగినవాళ్ళు ఆగి చూసేవారు. కన్ను కూడా బాగుపడింది. అత్త పక్కలోనే పడుకునేది. కానీ అప్పుడప్పుడూ సాయంత్రాలు కట్ట మీదికెక్కి బంగళా వైపు చూస్తూ కూర్చునేది. అలా చూసినప్పుడల్లా అత్త ముఖం చిన్నబోయేది.

మరుసటేడు మా ఆయనకు నరసరావుపేట బదిలీ అయింది. సామానంతా పొద్దున బండికి ఎక్కించాలి. పిల్లి కోసం అత్త మూత ఉన్న వెదురుబుట్ట అల్లించి, అడుగున తన పాత చీర మడిచి వేసింది. "ప్రయాణంలో పిల్లి ఎదురొస్తేనే జనం వెనక్కి తిరుగుతారు, మనం నెత్తిన పెట్టుకుని బయల్దేరుతున్నాం" అని మా ఆయన నవ్వాడు. తీరా బయల్దేరే వేళకు పిల్లి లేదు.

ఇల్లంతా వెతికాం, పెరడు వెతికాం. బండి వచ్చి నిలబడింది. సామాను ఎక్కింది. అత్త ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని ప్లాట్‌ఫారం చివరికి నడిచింది. అక్కడ స్టేషన్ మాస్టరున్నాడు, ఆయన భార్య ఉంది, బళ్ళో జనమంతా కిటికీల్లోంచి చూస్తున్నారు. తలుపులు మూసుకుని తప్ప ఏనాడూ వేయని ఈల, ఆ ముసలావిడ అందరి ముందూ వేసింది. బళ్ళో ఎవరో పకపకా నవ్వారు. నాకు వాళ్ళను దించి కొట్టాలనిపించింది. అత్త మళ్ళీ వేసింది, మళ్ళీ వేసింది. పిల్లి రాలేదు.

"అమ్మా, బండి కదులుద్ది, ఎక్కు," అన్నాడు మా ఆయన. "పిల్లి ఇంటినొదిలి రాదు. కొత్తగా వచ్చేవాళ్ళు చూసుకుంటారులే."

"దొరసానీ అట్టాగే అనుకోని పోయింది," అంది అత్త. "నువ్వు పో. డ్యూటీలో చేరాలిగా. నేను రాను."

గార్డు జెండా ఊపాడు. మా ఆయన తిట్టుకుంటూ ఎక్కాడు. నేను ఎక్కినదాన్ని, బండి కదులుతుండగా దూకేశాను. ఎందుకు దూకానంటే చెప్పలేను. ఆ మనిషిని అక్కడ ఒంటరిగా వదిలి పోలేకపోయాను. ఆమె మీద నాకు అంత ప్రేమ ఉందని నాకే అప్పటిదాకా తెలియదు.

"కాళ్ళిరిగితే ఎవరు చేత్తారే నీకు?" అని తిట్టింది గానీ నా చెయ్యి వదల్లేదు.

ఇద్దరం కట్ట దాటి బంగళాకు వెళ్ళాం. పిల్లి అక్కడే ఉంది. తాళం వేసిన తలుపు ఎదురుగా, వరండాలో, తోక కాళ్ళ చుట్టూ చుట్టుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి కదల్లేదు. దూకి పట్టుకుందామని నేను ముందుకు పోతే అత్త ఆపింది. ఈల వేస్తుందనుకున్నాను, వేయలేదు. బుట్ట కింద పెట్టి మూత తీసి, మెట్టు మీద పిల్లి పక్కన కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

అప్పుడు పిల్లితో మాట్లాడింది. నేను అక్కడ ఉన్నానన్న సంగతి ఆమె మరిచిపోయి ఉండాలి.

"మా ఇంటాయన కృష్ణ దాటి నైజాం ఊళ్ళకి దూది ఏకను పోయినాడే. పరుపుల కాలం అయిపోయినా రాలా. ఆడ కలరా వచ్చిందన్నారు, పోయినోళ్ళల్లో ఉన్నాడన్నారు. నేను నమ్మలా. పిల్లోణ్ణి ఒళ్ళో ఏసుకోని నీ మాదిరే గడపలో కూచున్నా. ఎన్నాళ్ళు కూచున్నానో నాకే తెలీదు. వాడు ఆకలికి ఏడిస్తే గాని లేవలేదు."

పిల్లి ఆమె వంక తల తిప్పింది. అత్త దాని మెడ కింద వేలితో మెల్లగా దువ్వింది.

"తలుపు తియ్యరే. నువ్వు చెడ్డదానివని కాదు. ఆళ్ళు లేరు, అంతే. లే, బుట్టలో కూచో. మాపటి బండికి పోదాం."