డీబీ అక్క పెట్టిన బటన్

ఆ ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మేనేజర్ తప్ప మిగతా అందరికీ ఆమె డీబీ అక్క. ఎవరికి డేటాబేస్, అంటే వివరాలు దాచుకునే చోటు, కావాలన్నా ఆమె సీటు దగ్గరికే రావాలి మరి. ఒకప్పుడు అక్కడే వివరాలు టైపు చేసే ఉద్యోగంలో చేరి, పక్కవాళ్లు చేసే పని చూసి చూసి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసి నేర్చుకుంది.

చిక్కల్లా ఒక్కటే. మెషీన్ కేటాయించడం, డేటాబేస్ ఎక్కించడం, పాస్‌వర్డ్ ఇవ్వడం, బ్యాకప్ పెట్టడం అన్నీ ఆమె చేతి మీదుగానే జరగాలి. సెలవు పెట్టి ఎక్కడికెళ్లినా ఫోను వెంటపడేది. చెల్లెలి పెళ్లి ఫొటోల్లో సగింటిలో ఆమె చెవికి ఫోను అతుక్కునే ఉంది.

ఇప్పుడా చెల్లెలికి నెలలు నిండాయి. "అక్కా, ఈసారి నువ్వొస్తావా, నీ ఫోనొస్తుందా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ, ఆ మాట సూటిగా వచ్చి తగిలింది.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో క్లౌడ్ మేనేజ్‌మెంట్ ప్లాట్‌ఫామ్ పెట్టారు. కంపెనీ మెషీన్లన్నిటినీ ఒకే తెర మీది నుంచి నడిపే ఏర్పాటు అది. దాని కేటలాగ్‌లో డేటాబేస్‌ను కూడా ఒక సరుకులా పెట్టేస్తే, కావలసినవాళ్లు బటన్ నొక్కి ఎవరిది వాళ్లే తీసుకోవచ్చు. ఇంకేం! తను చేత్తో చేసే ప్రతి పనినీ ఆ బటన్ వెనక పేర్చడానికి కూర్చుంది డీబీ అక్క. మొదటిసారి బటన్ నొక్కి టీ పట్టుకోవడానికి లేచింది. కప్పు నిండేలోపే తెర మీద డేటాబేస్ సిద్ధం, బ్యాకప్‌తో సహా! కప్పు అక్కడే వదిలేసి మేనేజర్ గదిలోకి పరుగెత్తి, సంగతి చెప్పి, చెల్లెలి కాన్పుకి సెలవడిగింది.

"బాగానే ఉందమ్మా," అన్నాడాయన. "ఓ వారం అందరి చేతికీ ఇచ్చి చూద్దాం. మీరు మాత్రం చెయ్యి పెట్టకూడదు. సాఫీగా నడిస్తే సెలవు మీదే. లేదంటే కాన్పయ్యాక వెళ్దురుగాని."

మర్నాడు పొద్దున్నే బటన్ తెరిచారు. మొదట వాలినవాడు తొందరబాబు. యాప్‌లు రాసే బృందానికి పెద్ద. ఏది అడిగినా నిన్నటికే కావాలంటాడు.

"అక్కా, వచ్చేసింది! నిజంగా వచ్చేసింది!" అని కేకేశాడు. అంతే, సీటు సీటునా బటన్ నొక్కుడే. హాలంతా హోరెత్తింది. భోజనాల వేళకి బటన్ ఉన్న పేజీ ఎర్రబడింది: 'చోటు లేదు.'

డీబీ అక్క గబగబా తన సీటుకి వెళ్లింది. ఎవరేం తీసుకున్నారో తెరిచి చూసింది. పేజీలో చిన్నది, మధ్యరకం, పెద్దది అని పెట్టింది తనే. ఒక్కరంటే ఒక్కరు చిన్నదాన్ని ముట్టుకోలేదు.

"ఏం బాబూ, నీకు పెద్దదెందుకు?"

"పెద్దది ఉండగా చిన్నది ఎవరు తీసుకుంటారక్కా?"

"అందులో ఏం పెట్టావు?"

"ఇప్పటికైతే... పది పేర్లు."

"పది పేర్లకి పెళ్లిమండపం మాట్లాడుకున్నావన్నమాట!"

అందరూ గొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వింది, చటుక్కున ఆగింది. తన సీటు దగ్గరికి వచ్చినవాళ్లను తనెప్పుడైనా సైజు అడిగిందా? "దేనికి?" అని అడిగేది. జవాబు విని సైజు తనే తేల్చేది. అసలు ప్రశ్న తన నోట్లోనే ఉండిపోయింది, పేజీ మీదికి రాలేదు!

మేనేజర్ బయటికొచ్చాడు. "ఏమైంది?"

"డేటాబేసుల మీద చెయ్యి పెట్టను సార్. పేజీ మార్చనివ్వండి. తప్పు అక్కడుంది, అది నాదే."

ఆయన ఎర్రబడిన తెరను చూశాడు, ఆమెను చూశాడు. "మార్చండి. వారం రేపటి నుంచి లెక్క."

సైజులు పోయాయి. 'దేనికి?' అన్న ప్రశ్న వచ్చింది: నేర్చుకోవడానికా, పరీక్షకా, జనం వాడేదానికా? జవాబును బట్టి సైజు దానంతటదే తేలుతుంది. నేర్చుకోవడానికి తీసుకున్నది, ఇంకా కావాలని చెప్పకపోతే, గడువు తీరగానే తనే ఖాళీ అయిపోతుంది. ఇటు ఆమె రాస్తుంటే, అటు తొందరబాబు హాలంతా తిరిగాడు. "మండపాలు ఖాళీ చెయ్యండి! అందరూ ఖాళీ చెయ్యండి!"

ఆ వారం డీబీ అక్క చేతులు కట్టుకుని కూర్చుంది. పేజీ మళ్లీ ఎర్రబడలేదు. తన సీటు దగ్గరికి ఎవరూ రాకపోతే ఏమీ తోచక, తనే నలుగురి సీట్ల దగ్గరికీ వెళ్లి "అంతా బాగానే ఉందా?" అని అడిగి వచ్చేది. మేనేజర్ సెలవు కాగితం మీద సంతకం పెట్టి, "ఇక కదలండి," అన్నాడు.

ఆసుపత్రి గదిలో చెల్లెలు పొత్తిళ్లలో బిడ్డను అక్కకు అందించబోతుండగా ఫోను మోగింది.

"అదిగో, నీ అసలు చెల్లెలు పిలుస్తోంది," అంది చెల్లెలు.

అక్క చాచబోయిన చేతులు వెనక్కి తీసుకుంది. ఫోనెత్తింది. తొందరబాబు!

"అక్కా! ఇవాళ బటన్ నొక్కి జనం వాడేది తీసుకున్నా. మన యాప్ బయటికొచ్చేసింది!"

"ఏమైనా చిక్కొచ్చిందా?"

"చిక్కెందుకొస్తుంది? నీకు చెప్పకుండా ఉండలేక ఫోను చేశా. ఇంతకీ బాబా, పాపా?"

"పాప."

"పెద్దదేనా?"

"చిన్నదే బాబూ! ఉంటా మరి," అని ఫోను ఆపేసి, సంచి అడుగున పడేసి, డీబీ అక్క రెండు చేతులూ చాచింది.