సుందరరామయ్యగారి గేరుబాక్సు

సుందరరామయ్యగారు కారు ఆగిపోతే బాధపడరు. దాన్ని ఎవరైనా లాక్కెళ్తామంటే మాత్రం చేతులు చాచి అడ్డం నిలబడతారు.

2003లో నేను దేశ రాజధానికి వెళ్ళి, జియా సరాయ్‌లో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాను. ఆయన వసంత్ కుంజ్‌లో ఉండే కేంద్ర ప్రభుత్వ అధికారి. కారు 1957 నాటి లాండ్‌మాస్టర్, ఆయనకన్నా రెండేళ్ళు చిన్నది. నెలకు రెండు ఆదివారాలు మా సందు మొదట్లో రెండుసార్లు దగ్గి ఆగిపోయేది.

ఓసారి క్రేనువాడు ముందు చక్రాలకు కొక్కెం తగిలించబోయాడు.

"భయ్యా, వెనక చక్రాలు నేలమీదే దొర్లుతాయిగా?" అన్నారాయన, అమలాపురం యాస హిందీలో.

"దొర్లుతాయి సాబ్."

"వాటితోపాటు గేరుబాక్సూ తిరుగుతుంది. ఇంజను ఆగి ఉంది కనక లోపల పళ్ళకి నూనె అందదు. అరిగి చస్తాయి."

"ఐదు కిలోమీటర్లే సాబ్."

"నిన్ను మంచినీళ్ళివ్వకుండా ఐదు కిలోమీటర్లు పరిగెత్తించనా?"

క్రేనువాడు క్రేను తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన కారు కింద చాప పరుచుకుని దూరేవారు. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు వెళ్ళే పొడుగాటి ఇనప షాఫ్టు విప్పితే గానీ కారు లాగే తాడు ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఇప్పుడు చక్రాలు ఎంత తిరిగినా గేరుబాక్సు హాయిగా నిద్రపోతుంది" అనేవారు, ముక్కుకి గ్రీజు పూసుకుని. దీనికి గంటన్నర. సాయానికి తెలుగు కుర్రాళ్ళం పదిమందిమి. ఈలోగా ఆయన భార్య దుర్గాంబ ఆంటీ వెనక సీట్లోంచి క్యారేజీలు దించేది.

"ఇంత వంట కార్లో ఎందుకాంటీ?"

"ఎక్కడ ఆగుతుందో తెలీని బండి కదా బాబూ. తోసేవాళ్ళు తినాలిగా."

ఆ ఏడు ప్రిలిమ్స్ ఫలితాలొచ్చాయి. మా పక్కగది నిరంజన్‌కి మూడోసారీ పోయింది. నాలుగు రోజులు తలుపు తియ్యలేదు. తడితే "ఆకలి లేదు" అనేవాడు. శనివారం బూత్ నుంచి ఫోన్ చేసి ఆంటీకి చెప్పాను.

ఆదివారం కారు సందు మొదట్లో ఆగలేదు. లోపలిదాకా వచ్చి, సరిగ్గా నిరంజన్ కిటికీ కింద దగ్గింది.

"నిరంజన్, పై బోల్టు అందడం లేదయ్యా. నీ వేళ్ళు సన్నం, ఓసారి రా" అని పిలిచారాయన.

"ఇంకెవరినైనా పిలవండి అంకుల్."

"వీళ్ళకి చెబితే బోల్టు పాడు చేస్తారు. రేపు నా గేరుబాక్సు పోతే నువ్విస్తావా?"

ఐదు నిమిషాలకి గడ్డం పెరిగిన మొహంతో దిగొచ్చి, కారు కింద దూరాడు. నాలుగు బోల్టులూ విప్పాడు. షాఫ్టు బయటికొచ్చింది. ఆంటీ కంచం చేతికిచ్చింది. మొదట రెండు ముద్దలు తల దించుకునే తిన్నాడు. తర్వాత దోసకాయ పప్పు తనే అడిగి వేయించుకున్నాడు.

నన్ను స్టీరింగు పట్టుకోమంటే లోపల కూర్చున్నాను. ఊరికే ఉండలేక తాళం తిప్పి, పక్కనున్న స్టార్టరు పిడి లాగాను. ఇంజను ఒక్క దగ్గయినా లేకుండా మెత్తగా తిరగడం మొదలెట్టింది.

సందులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

"బండి బాగానే ఉందిగా అంకుల్?" అన్నాడు నిరంజన్.

సుందరరామయ్యగారు కిటికీలోంచి నా మీదికి వంగి, గొంతు తగ్గించారు.

"ఆపెయ్యవయ్యా. వాడింకా పెరుగన్నం తినలేదు."

తగ్గించినా సందంతా వినపడింది. నిరంజన్ ఫక్కున నవ్వి, కంచం ఆంటీ ముందుకి చాపాడు.